స్కాన్ రిపోర్టు చూసి బాబా పాపా చెప్పే ఛానెళ్ళకి ఒక బహిరంగ లేఖ

నమస్తే అండీ,

"ఈ ఏడు లక్షణాలుంటే నూటికి నూరు శాతం బాబే", "స్కాన్ రిపోర్టులో ఈ ఒక్క మాట ఉంటే పాప పక్కా", "అమ్మమ్మల కాలం నాటి ఉంగరం టెస్టు, ఇంట్లోనే రెండు నిమిషాల్లో" అంటూ తెలుగులో వీడియోలు చేసేవాళ్ళందరికీ ఈ ఉత్తరం. ఛానెళ్ళ పేర్లు రాయడం లేదు. ఒకరో ఇద్దరో అయితే రాసేదాన్నేమో, మీరు బోలెడంత మంది ఉన్నారు. అందరి థంబ్‌నెయిల్ మీదా అదే నీలం బుడగ, అదే గులాబీ బుడగ, మధ్యలో ఒక కడుపు, దాని మీద ప్రశ్నార్థకం.

నేను డాక్టర్ని కాదు. ఒక చిన్న ఊళ్ళో స్కానింగ్ సెంటర్ కౌంటర్లో కూర్చుంటాను. టోకెన్ ఇస్తాను, ఆధార్ జిరాక్స్ తీసుకుంటాను, కడుపుతో ఉన్నవాళ్ళొస్తే చట్ట ప్రకారం నింపాల్సిన ఫారం ఎఫ్ నింపుతాను, రిపోర్టు కవర్లో పెట్టి చేతికిస్తాను. ఆ ఫారం మీరెప్పుడైనా చూశారో లేదో. అందులో పేరు, వయసు, భర్త పేరు, ఆఖరి నెలసరి తేదీ, స్కాన్ ఎందుకు రాశారు అన్న వాటితో పాటు ఇప్పటికి మగపిల్లలెంతమంది, ఆడపిల్లలెంతమంది, వాళ్ళ వయసులెంత అని కూడా ఉంటుంది. ఆ గడి దగ్గరికి వచ్చేసరికి కొంతమందికి గొంతు తగ్గిపోతుంది. "ఇద్దరూ ఆడపిల్లలేనండి" అంటారు, ఆ మాట పూర్తయ్యేలోపే పక్కన నిలబడ్డ అత్తగారు "ఈసారి చూడాలి మరి" అంటుంది. కింద డిక్లరేషన్ ఉంటుంది, కడుపులో ఉన్నది ఆడో మగో తెలుసుకోవాలని నాకు లేదు అని. సంతకం పెడతారు. చదువు రానివాళ్ళకి నేనే చదివి వినిపించి వేలిముద్ర వేయిస్తాను. లోపలికెళ్ళి స్కాన్ చేయించుకుని, రిపోర్టు పట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంటారు. కూర్చుని దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ఎవరికనుకుంటున్నారు? మీకే.

ఇదివరకు రిపోర్టు చేతిలో పెట్టగానే "బిడ్డ బాగుందామ్మా?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు చాలామంది అడిగేది "మాయ ముందుందా వెనకుందా మేడం?" అని. లేకపోతే "హార్ట్ బీట్ 140 దాటిందా?" అని. మొదట్లో నాకు అర్థం కాలేదు, మామూలు ఇంటర్ చదివిన పిల్లకి ప్లాసెంటా పోస్టీరియర్, అంటే మాయ వెనకవైపు ఉండటం, ఏంటో ఇంత బాగా ఎలా తెలుసా అని ముచ్చటపడ్డాను కూడా. తర్వాత ఒకమ్మాయి ఫోన్‌లో మీ వీడియో చూపించింది. కింద కామెంట్లు చదివాను. "అక్కా నాకు ఐదో నెల, ప్లాసెంటా పోస్టీరియర్, ఎఫ్‌హెచ్‌ఆర్ 148, ఆల్రెడీ ఇద్దరు పాపలు, ప్లీజ్ చెప్పక్కా." ఎఫ్‌హెచ్‌ఆర్ అంటే బిడ్డ గుండె వేగం. అలాంటివి వందలు. ప్రతిదానికీ మీరు బాబని ఒక నీలం గుండె బొమ్మో, పాపని ఒక గులాబీ గుండె బొమ్మో పెట్టి వదిలేశారు. ఆ "ఆల్రెడీ ఇద్దరు పాపలు" అన్న ముక్క మీకు కనబడలేదా, లేక కనబడే గుండె రంగు ఎంచుకున్నారా?

అమ్మమ్మల మీద నాకేం కోపం లేదు, ముందే చెప్తున్నా. కడుపు ముందుకి పొడుచుకొస్తే మగ, పక్కలకి పరుచుకుంటే ఆడ. మెట్టెక్కేటప్పుడు కుడి కాలు ముందు పడితే మగ. పులుపు మీద మనసు పోతే ఒకటి, తీపి మీద పోతే ఇంకోటి, ఏది దేనికన్నది ఊరిని బట్టి మారుతుంది. చేతులు చూపించమంటే అరచేయి పైకి పెడితే ఒకటి, బోర్లా పెడితే ఒకటి. తాళిబొట్టో ఉంగరమో దారానికి కట్టి కడుపు మీద వేలాడదీస్తే గుండ్రంగా తిరిగిందా, అటూ ఇటూ ఊగిందా. సీమంతంలో గాజులు వేస్తూ ఇవన్నీ మాట్లాడుకుంటారు, పెద్దత్త ఒకటంటే చిన్నత్త కాదంటుంది, అందరూ నవ్వుతారు, పులిహోర తిని వెళ్ళిపోతారు. ఆ జోస్యం తప్పినా ఒప్పైనా ఆ గది దాటి పోదు. అమ్మమ్మకి సబ్‌స్క్రైబర్లు లేరు, ఆమె స్కాన్ రిపోర్టు అడగలేదు, ఫోన్‌పే నంబరు ఇవ్వలేదు.

ఈ ఆరాటం మనొక్కళ్ళదీ కాదు, నిన్నటిదీ కాదు. మూడువేల ఏళ్ళ కిందటి ఈజిప్టు వైద్య పత్రాల్లో బార్లీ గింజల మీద, గోధుమ గింజల మీద కడుపుతో ఉన్న ఆడదాని మూత్రం పోసి ఏది ముందు మొలకెత్తితే దాన్ని బట్టి ఆడో మగో చెప్పే పద్ధతి ఉంది. 1963లో దాన్ని నిజంగా చేసి చూశారు. తమాషా ఏంటంటే, గర్భిణుల మూత్రానికి గింజలు మొలవడం చాలాసార్లు జరిగింది, అంటే కడుపు అయిందా లేదా అన్నంతవరకు దానికి కొంత పనితనం ఉంది, ఆడా మగా దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులెత్తేసింది. గ్రీకుల హిప్పోక్రటీస్ పేరు మీదున్న సూత్రాల్లో మగపిండం కుడివైపు, ఆడపిండం ఎడమవైపు ఉంటుందని ఉంది. మగబిడ్డైతే తల్లి ముఖం కళగా, ఆడబిడ్డైతే పాలిపోయి ఉంటుందనీ ఉంది. మన సుశ్రుత సంహితలో కుడి రొమ్ములో ముందు పాలు కనబడితే, కుడి కన్ను పెద్దగా అనిపిస్తే మగ అని రాశారు. గ్రీసుకీ గంగకీ మధ్య ఇంత దూరం ఉన్నా కుడి మాత్రం మగకే వచ్చింది, కళ కూడా మగకే వచ్చింది. "ఆడపిల్ల అమ్మ అందం లాక్కుంటుంది" అని మీరు నిన్న పెట్టిన వీడియో ఇదే పాత సరుకు. ఏ లక్షణాలు ఎటు పంచారో చూస్తే కడుపులో బిడ్డ సంగతి తెలియదు గానీ పంచినవాళ్ళకి ఎవరు కావాలో మాత్రం బాగా తెలుస్తుంది.

అసలు విషయం ఎప్పుడు తేలిపోతుందో మీరు ఒక్క వీడియోలోనైనా చెప్పారా? అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. వీర్యకణంలో ఎక్స్ ఉండొచ్చు, వై ఉండొచ్చు. ఎక్స్ కలిస్తే ఆడ, వై కలిస్తే మగ, అక్కడే అయిపోయింది. 1905లో నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆవిడా ఆడమనిషే, పిండి పురుగుల్లో దీన్ని పట్టుకుంది. 1990లో ఆ వై మీద మగతనానికి మీట నొక్కే జన్యువు ఏదో కూడా దొరికింది, దాని పేరు ఎస్‌ఆర్‌వై. అయినా తొమ్మిది వారాలదాకా బయటి అవయవాలు చూస్తే ఏ బిడ్డైనా ఒక్కలాగే ఉంటుంది. అంటే మీరు ఆడదాని కడుపు ఆకారం, నడక, తిండి, ముఖం మీద మచ్చలు చూసి కనిపెడతామంటున్న సంగతి తండ్రి వైపు నుంచి, ఇంకా నెల కూడా తప్పకముందే తేలిపోయింది. అయినా మన ఇళ్ళల్లో "ఆడపిల్లల్నే కంటోంది" అని తిట్టేది కోడల్నే. పదిహేను నిమిషాల వీడియోలో ఈ ముక్కకి ముప్పై సెకన్లు ఇస్తే మీ సొమ్మేం పోయేది?

సరే, "మేం చెప్పింది చాలామందికి కరెక్టయింది, కామెంట్లు చూడండి" అంటారు. చూశాను. వెయ్యిమందికి కళ్ళు మూసుకుని "బాబు" అని చెప్పినా ఐదొందల పైచిలుకు మందికి నిజమే అవుతుంది. ఆ ఐదొందల మందిలో సంతోషం పట్టలేక నూరుమంది తిరిగొచ్చి "అక్కా మీరు చెప్పినట్టే బాబు పుట్టాడు, థాంక్యూ సో మచ్" అని రాస్తారు. మిగతా సగం మంది పురిటి గదిలో ఉంటారు, ఇంట్లో ముఖాలు చూస్తుంటారు, మీ ఛానెల్ వెతుక్కుని వచ్చి రాసే ఓపిక ఎవరికుంటుంది? రాసినా ఆ కామెంటు ఎంతసేపు ఉంటుందో మీకే తెలియాలి. ఇంక డబ్బులు తీసుకుని వాట్సాప్‌లో చెప్పేవాళ్ళు "తప్పైతే డబ్బు వాపస్" అంటారు చూడండి, అది మరీ సుఖమైన వ్యాపారం. సగం మందికి వాపసిచ్చినా సగం మంది డబ్బు మిగులుతుంది, పెట్టుబడి సున్నా.

మీ పరీక్షలు ఒక్కొక్కటీ చూద్దాం, ఎక్కువసేపు పట్టదు. గుండె వేగం 140 దాటితే పాప, తగ్గితే బాబు అంటారు. ఆరో వారంలో ఏ బిడ్డ గుండైనా నిమిషానికి 110 దగ్గర మొదలై, తొమ్మిదో వారానికి 170 దాకా ఎక్కి, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. నెలలు పెరిగాక 110 నుంచి 160 మధ్యలో ఎంతున్నా మామూలే. బిడ్డ నిద్రపోతుంటే ఒక లెక్క, తన్నుతుంటే ఒక లెక్క. ఒకే బిడ్డ మూడు స్కాన్లలో మీ లెక్క ప్రకారం పాపై, బాబై, మళ్ళీ పాపవుతుంది. బేకింగ్ సోడా పొంగితే బాబు అంటారు, అది మూత్రంలో పులుపెంతుందో చెప్తుంది, పొద్దున్నే నీళ్ళు తాగకుండా చేస్తే బాగానే పొంగుతుంది, మీ ఆయన మూత్రంతో చేసినా పొంగుతుంది. కావాలంటే చేసి వీడియో పెట్టండి, ఆ వీడియోకి నేను లైక్ కొడతాను. ఉంగరం ఊగేది పట్టుకున్న చెయ్యిని బట్టి, దానిమీద ఇంక మాట్లాడను. కడుపు ఆకారం మీద 1999లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు స్కాన్‌లో ఏదీ తెలుసుకోని 104 మంది గర్భిణులతో ఒక పరిశీలన చేశారు. కడుపు ముందుకుందా పక్కలకుందా, వేవిళ్ళు ఎంత, ఇవేవీ పుట్టబోయే బిడ్డ ఆడా మగా అన్నదానితో కలవలేదు.

ఒక్క వేవిళ్ళ విషయంలో రవ్వంత నిజం ఉంది, అదీ చెప్పాలి, లేకపోతే మీరు కామెంట్లో తెచ్చి పెడతారు. మొదటి మూడు నెలల్లో వాంతులు తట్టుకోలేక ఆసుపత్రిలో చేరేంత పరిస్థితి వచ్చినవాళ్ళని స్వీడన్‌లో లెక్క తీస్తే, వాళ్ళకి పుట్టిన పిల్లల్లో మగపిల్లలు నూటికి 44 మంది, మామూలుగా 51. తేడా ఉంది. కానీ ఆ తేడా వేలమందిని కలిపి చూస్తేనే కనబడుతుంది. ఒకమ్మాయికి వాంతులు చూసి "పాప" అని చెప్పారనుకోండి, నూటికి 44 సార్లు తప్పు చెప్పినట్టే. సెలైన్ ఎక్కించాల్సిన మనిషికి గులాబీ గుండె పంపడం ఎందుకు?

అసలు నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఈ లక్షణాలకి నిజంగానే అర్థాలున్నాయి, మీరు చెప్పే అర్థాలు మాత్రం కావవి.

కాళ్ళు వాస్తే బాబు అని ఒక వీడియోలో ఉంది. ఎనిమిదో నెలలో ఒకామె గ్రోత్ స్కాన్‌కి వచ్చింది, చెప్పులు పట్టడం లేదు, ఉంగరం వేలికి బిగుసుకుపోయింది, కళ్ళ కింద ఉబ్బు. తలనొప్పిగా ఉందా అని అడిగాను. రెండ్రోజుల నుంచి ఉందట. డాక్టరుకి చెప్పావా అంటే, "బాబైతే వాపులుంటాయట కదండీ" అని నవ్వింది. లోపల బీపీ చూస్తే 160 మీద 110. స్కాన్ ఆపి ముందు ఆసుపత్రికి పంపించారు. కడుపుతో ఉన్నప్పుడు బీపీ అలా పెరిగితే ఫిట్స్ రావచ్చు, తల్లీ బిడ్డా ఇద్దరికీ ప్రాణం మీదకి రావచ్చు. ఆమె నవ్వుతూ కూర్చుందంటే వాపు అంటే శుభవార్త అని ఎవరో చెప్పబట్టే కదా.

కడుపు బాగా పెద్దగా ఉంటే ఇది, చిన్నగా ఉంటే అది అంటారు. పెద్దగా ఉంటే ఉమ్మనీరు ఎక్కువై ఉండొచ్చు, షుగర్ వచ్చి ఉండొచ్చు, కవలలై ఉండొచ్చు. చిన్నగా ఉంటే బిడ్డ ఎదగడం లేదేమో, ఉమ్మనీరు తగ్గిందేమో చూడాలి. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపిస్తే దానికీ ఒక జోస్యం ఉంది మీ దగ్గర. అది చాలాసార్లు ఒంట్లో ఐరన్ లేకపోవడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది, మన రెండు రాష్ట్రాల్లోనూ అంతే. అరచేతులూ అరికాళ్ళూ రాత్రిళ్ళు విపరీతంగా దురద పెడితే అది కాలేయం సంగతి కావచ్చు, రక్తపరీక్ష చేయించాలి. బాబో పాపో అని అడగాల్సిన లక్షణం ఇందులో ఒక్కటీ లేదు.

ఇంక మాయ. మీ వీడియోలన్నింటికీ తిండి పెడుతున్నది అదే కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. మాయ కుడివైపు ఉంటే మగ, ఎడమవైపు ఉంటే ఆడ, 97 శాతం కరెక్టు అని ఒక సిద్ధాంతం ఇంటర్నెట్లో చాలా ఏళ్ళుగా తిరుగుతోంది. నిపుణులు పరిశీలించి అచ్చువేసే వైద్య పత్రికల్లో అది రాలేదు, ఇంటర్నెట్లోనే పుట్టి అక్కడే పెరిగింది. దాన్ని ఎవరో తెలుగులోకి తెచ్చి కుడీ ఎడమా తీసేసి ముందూ వెనకా చేశారు, ఎందుకంటే మన రిపోర్టుల్లో యాంటీరియర్, పోస్టీరియర్ అని ఉంటుంది, జనం దగ్గర ఆ మాటే ఉంటుంది. రిపోర్టులో ఏ మాట దొరికితే ఆ మాట చుట్టూ జోస్యం అల్లుకున్నారు. యాంటీరియర్ అంటే మాయ గర్భసంచి ముందు గోడకి అతుక్కుందని, పోస్టీరియర్ అంటే వెనక గోడకని, అంతే. ముందుంటే బిడ్డ కదలికలు తల్లికి కాస్త ఆలస్యంగా తెలుస్తాయి.

కానీ అది రిపోర్టులో ఊరికే రాయరు. తెలంగాణలో కాన్పుల్లో నూటికి 60 ఆపరేషన్లే అని ఆ 2019-21 సర్వే చెప్పింది, అప్పట్లో దేశంలో అదే అందరికన్నా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42. అంటే రెండో కాన్పుకి మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో చాలామంది కడుపు మీద పాత కోత ఉంటుంది. మాయ ముందువైపు, కిందికి దిగి, ఆ పాత కుట్టు మీద అతుక్కుంటే, ఒక్కోసారి గర్భసంచి గోడలోకి వేళ్ళు దిగినట్టు పాతుకుపోతుంది. కాన్పప్పుడు అది ఊడిరాదు, రక్తం ఆగదు, గర్భసంచి తీసేయాల్సి రావచ్చు. అలాంటివాళ్ళు బ్లడ్ బ్యాంకు ఉన్న పెద్దాసుపత్రిలో ముందే పేరు రాయించుకోవాలి. రిపోర్టులో ఆ లైను చదివి డాక్టరు ముఖం గంభీరంగా పెట్టేది అందుకు. ఆ లైనే మీకు పంపిస్తే "యాంటీరియర్ కదా, పాప" అంటారు. ఆమె ఏడుస్తూ ఇంటికెళ్ళిపోతుంది, పాప అన్నందుకు. కుట్టు సంగతి ఎవరూ అడగరు.

చట్టం గురించి మీకు తెలియదని నేను అనుకోను, ఎందుకంటే వీడియో మొదట్లో "లింగ నిర్ధారణ చట్టరీత్యా నేరం, ఇది కేవలం సరదా కోసం" అని ఎర్రక్షరాలతో వేసి ఆ తర్వాతే చెప్తారు. ఆ చట్టం 1994ది, 2003లో దాన్ని గట్టిపరిచారు. అందులో 22వ సెక్షన్ కింద ఆడా మగా ముందే చెప్పే పద్ధతుల గురించి ఎవరూ ప్రకటన చేయకూడదు, శాస్త్రీయమైన పద్ధతైనా సరే, కాకపోయినా సరే. ఇంటర్నెట్ పేరు కూడా అందులోనే ఉంది. మూడేళ్ళదాకా జైలు, పదివేలదాకా జరిమానా. 5వ సెక్షన్ కింద ఏ వ్యక్తీ మాటతో గానీ, సైగతో గానీ, ఇంకో విధంగా గానీ గర్భిణికో ఆమె బంధువులకో బిడ్డ ఆడా మగా చెప్పకూడదు. నీలం గుండె, గులాబీ గుండె సైగ కాదా అండీ? "మేం ఊహించి చెప్తున్నాం, నిజం కాదు కదా" అంటే ఇంకో చిక్కుంది. మీకు నిజంగా తెలుస్తుంటే చెప్పడం నేరం, తెలియకుండా తెలుసని డబ్బు తీసుకుంటుంటే మోసం. ఏ వైపు నిలబడతారో మీ ఇష్టం.

"పాత పద్ధతులకి కేసులెవరు పెడతారు" అనుకోకండి. మహారాష్ట్రలో ఒక పేరున్న కీర్తనకారుడు సరి తిథుల్లో కలిస్తే మగపిల్లాడు, బేసి తిథుల్లో కలిస్తే ఆడపిల్ల అని చెప్పిన వీడియో మీద 2020లో ఇదే చట్టం కింద కేసు పెట్టారు, కింది కోర్టు కొట్టేస్తే 2023లో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విచారణ జరగాల్సిందే అంది. స్కాన్ మిషనూ లేదు, రిపోర్టూ లేదు అక్కడ, ఉత్త మాటే. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ అంతటివాళ్ళని కూడా సాబూ మాథ్యూ జార్జ్ అనే సామాజిక కార్యకర్త వేసిన కేసులో సుప్రీంకోర్టు 2017 దాకా నిలబెట్టి, ఇలాంటి ప్రకటనలు ఫిర్యాదు వచ్చిన 36 గంటల్లో తీసేయాలని చెప్పింది. 2024లో తమిళనాడులో పేరున్న ఒక యూట్యూబర్ దుబాయిలో స్కాన్ చేయించుకుని ఇక్కడ వీడియో పెడితే అక్కడి ఆరోగ్య శాఖ నోటీసు ఇచ్చింది, వీడియో తీసేయాల్సి వచ్చింది.

అమెరికాలో మనవాళ్ళు పొగ బాంబులు పేల్చి, కేకు కోసి బాబో పాపో అందరికీ చెప్పుకుంటున్నారు కదా, వాళ్ళకి లేని నేరం మాకెందుకు అంటారు. అక్కడ పదో వారం దాటాక తల్లి రక్తం తీసి, అందులో తిరిగే బిడ్డ డీఎన్‌ఏ ముక్కలు చూసి చెప్తారు. 1997లో డెన్నిస్ లో అనే హాంకాంగ్ డాక్టరు బృందం బయటపెట్టిన సంగతి మీద కట్టిన పరీక్ష అది. ఇక్కడా ఆ పరీక్ష ఉంది, డౌన్ సిండ్రోమ్ లాంటివి చూడటానికి రాస్తారు, రిపోర్టులో ఆడా మగా రాయరు. అంటే సైన్సుకి తెలియక చెప్పడం లేదని కాదు, తెలిసే నోరు మూసుకుంటోంది. ఎందుకు మూసుకోవాల్సి వచ్చిందో చూడాలంటే అంకెలు చాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకి ఆడపిల్లలు 2001లో 961, 2011లో 939. సహజంగా పుట్టుకలో వెయ్యికి 950 దాకా ఉండాలి, 2019-21 సర్వేలో తెలంగాణలో 894. అమెరికా వెళ్తే బుద్ధి మారిపోతుందనుకోవడానికీ లేదు. అక్కడి 2000 నాటి జనాభా లెక్కలు తిరగేసిన ఇద్దరు ఆర్థికవేత్తలు, చైనా, కొరియా, భారత్ నుంచి వెళ్ళిన కుటుంబాల్లో మొదటి ఇద్దరూ ఆడపిల్లలైతే మూడో కాన్పులో మగపిల్లలు ఆడపిల్లల కంటే ఒకటిన్నర రెట్లున్నారని 2008లో చూపించారు. కేకు కోసిన కత్తి సంగతి నాకు తెలియదు గానీ ఆ లెక్క మాత్రం దానంతటదే రాదు.

మీ నీలం గుండె అందుకున్నవాళ్ళింట్లో ఏం జరుగుతుందో కూడా వినండి. బాబన్నారని తెలిసిన రోజునుంచి కోడలికి పాలు, జీడిపప్పు, కింద కూర్చోవద్దు, బరువులెత్తొద్దు. పుట్టింది పాపైతే ఆ ప్రేమంతా వాపసు తీసుకుంటారు, పైగా "వీడియోలో చూపించి మమ్మల్ని మోసం చేసింది" అని మాట కూడా. గులాబీ గుండె అందుకున్నవాళ్ళింట్లో అయితే ఆసుపత్రికి వెళ్ళడానికి ఆటో డబ్బులు కూడా బరువవుతాయి, ఐరన్ మాత్రలు ఎవరూ గుర్తు చేయరు. అంతకంటే ఘోరమైనవి కూడా జరుగుతాయి, ఒక ఊహ మీద, ఒక ఎమోజీ మీద, కడుపులో నిజంగా ఎవరున్నారో ఎవరికీ తెలియకుండానే.

మీలో కొందరు ఇంకో అడుగు ముందుకేసి వీడియో కింద "బాబు పుట్టడానికి" అని శివలింగి గింజలనీ ఏవో పొడులనీ లింకులు పెడుతున్నారు. నెల తప్పిన తర్వాత వేసుకోవాలట. ఆడా మగా ఎప్పుడో తేలిపోయాక వేసుకునే మందు ఏం మారుస్తుందని? మార్చేది వేరే ఉంది. హర్యానాలో ఇలాంటి మగపిల్లాడి మందులు వాడిన తల్లుల మీద పరిశోధన చేస్తే పిల్లలు పుట్టుకతో లోపాలతో పుట్టే ప్రమాదం ఎక్కువగా కనబడింది. ఆ మందుల్లో కొన్నింట్లో హార్మోన్లు కూడా దొరికాయి. ఈ ఒక్క పని చేస్తున్నవాళ్ళతో నాకు మర్యాదగా మాట్లాడాలని కూడా లేదు.

మీరు తెలివైనవాళ్ళు, మాట్లాడటం వచ్చు, ఊళ్ళల్లో కోడళ్ళు డాక్టరు కంటే మిమ్మల్నే ఎక్కువ నమ్ముతున్నారు, డాక్టరు రెండు నిమిషాలు కూడా మాట్లాడడు, మీరు పదిహేను నిమిషాలు "బంగారం, భయపడకు" అని మాట్లాడతారు. అందుకే ఈ ఉత్తరం మీకు రాశాను, అధికారులకి రాయలేదు. టిఫా స్కాన్ అంటే ఐదో నెలలో బిడ్డ గుండెలో నాలుగు గదులూ ఉన్నాయా, వెన్నుపూస మూసుకుందా, పెదవి చీలిందా, కిడ్నీలు రెండూ ఉన్నాయా అని చూసే స్కాన్ అని చెప్పండి. రిపోర్టు చేతికొస్తే డాక్టరుని ఏం అడగాలో చెప్పండి. మాయ ఎంత కిందుంది, పాత కుట్టుకి ఎంత దూరంలో ఉంది, ఉమ్మనీరు ఎంతుంది, బిడ్డ బరువు నెలలకి తగ్గట్టుందా. వ్యూస్ కాస్త తగ్గుతాయి, ఒప్పుకుంటాను.

అది తర్వాత సంగతి. ముందు చేయాల్సినవి మూడే. రిపోర్టు చూసి చెప్పే వీడియోలు తీసేయండి. కామెంట్లలో జనం పెట్టిన రిపోర్టు ఫోటోలు తీసేయండి, వాటి మీద వాళ్ళ పేర్లూ వయసులూ మా సెంటర్ల ఐడీలూ అన్నీ ఉన్నాయి, ఊరంతా చూస్తోంది. వీడియో కింద పెట్టిన వాట్సాప్ నంబరు తీసేయండి. మా కౌంటర్‌కి వచ్చి మీ వీడియో చూపించేవాళ్ళకి ఇప్పటిదాకా నేను నచ్చజెప్పి పంపిస్తున్నాను. వచ్చే నెల మొదటి వారంలో ఫారం ఎఫ్‌లు జిల్లా వైద్యారోగ్య శాఖ ఆఫీసుకి పంపేటప్పుడు, అప్పటికీ ఏవైనా మిగిలి ఉంటే వాటి స్క్రీన్‌షాట్లు కూడా అదే కవర్లో పెడతాను.

ఇట్లు,
ఒక స్కానింగ్ సెంటర్ కౌంటర్ ఉద్యోగిని